గుమ్మం ముందరి నలుపు

పోయిన వారం చిట్టిని నది ఒడ్డున, అక్క ఇంటి ముందు, రెండు చేతులా సంచులతో నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లోపలికి వెళ్దామంటే దారిస్తే కదా. లోయ చూడ్డానికి వచ్చిన జనం గుమ్మానికి అడ్డంగా గుంపుకట్టి, చేతుల్లో చిత్రం అచ్చు ప్రతులు పట్టుకుని, ఒకసారి కాగితం వైపూ ఒకసారి ఇంటి వైపూ చూసుకుంటూ తలలాడిస్తున్నారు.

కథలో మధ్యలో ఎక్కినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎన్నో తరాల కిందట ఒక చిత్రకారుడు ఈ ఒడ్డున పీట వేసుకుని కూర్చుని, ఎదురుగా కనిపించిన లోయనంతా పెద్ద గుడ్డ మీదికి ఎక్కించాడు. ఆ చిత్రానికి ఎంత పేరొచ్చిందంటే, చివరికి లోయే చిత్రానికి లోబడి ఉండాలని చట్టం చేశారు. చిత్రంలో ఉన్నది ఉండాలి, లేనిది పోవాలి. ఆ దెబ్బకి ఒడ్డున ఉన్న ఇళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నేలమట్టమయ్యాయి. చిట్టి అక్కాబావల ఇల్లు ఒక్కటే మిగిలింది. అది చిత్రంలో ఉంది మరి.

బావ పడవలు చేసే మనిషి. పోయిన ఏడాది సగం కట్టిన పడవ మీంచి జారి పడ్డాడు, నడుం కింద చచ్చుబడింది, చక్రాల కుర్చీకి అంటుకుపోయాడు. గుమ్మం ముందున్న మెట్ల మీద పడవ చెక్కలతో తనే ఒక వాలుబల్ల బిగించుకున్నాడు. దాని మీంచి దిగి రోజూ ఒడ్డునున్న పడవల పాకకి పోతాడు, కూర్చునే చేయగలిగిన పనేదో చేసుకుంటాడు. వాలుబల్ల చిత్రంలో లేదు కాబట్టి తీసేయమని హుకుం వచ్చింది. అది పోయిననాడు బావ నాలుగు గోడల మధ్య ఖైదీ.

ఆశ ఒక్కటే మిగిలింది. అసలు చిత్రంలో సరిగ్గా ఆ గుమ్మం ముందు చీకటిలాంటి మరక ఉంది. పాతబడిన వార్నిషూ దీపాల మసీ కలిసి అక్కడ పేరుకుపోయాయి. కింద ఏముందో ఎవరికీ తెలీదు. అచ్చు ప్రతుల్లో మెట్లు కనిపిస్తాయి గాని అవి అచ్చువేసినవాడు తన బుర్రకి తోచినట్టు గీసినవి. పాత చిత్రాల మురికి వదిలించి అసలు రంగులు బయటపెట్టడం చిట్టి వృత్తి. ఈ మరక వదిలించే పని కూడా ఆమెకే వచ్చింది. కింద మెట్లున్నాయా, వాలు ఉందా అన్నది ఇవాళ తేలుతుంది.

తేలేలోపు ముందు ఇంట్లోకి వెళ్లాలి.

"కొంచెం దారిస్తారా," అంది చిట్టి, ఎండ టోపీ పెట్టుకున్న ఒకావిడతో.

"ఒక్క నిమిషం. ఆయన జరిగితే ఫొటో తీసుకుని తప్పుకుంటాను," అని ఆవిడ గుమ్మంలో కుర్చీలో కూర్చున్న బావ వైపు తిరిగింది. "బాబూ, కాస్త పక్కకి వెళ్తారా? మీరు చిత్రంలో లేరు."

"ఆవులున్నాయి కదమ్మా చిత్రంలో," అన్నాడు బావ. "ఇవాళ వాటికి సెలవు. బదులు నేనొచ్చాననుకోండి."

ఆవిడ నవ్వేసి కెమెరా సర్దుకుంది. చిట్టికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంటివాణ్ణి ఇంటి గుమ్మంలోంచి జరగమనడం, దానికి ఆయన చమత్కారాలు చెప్పడం, ఆ వెనకాల అక్క గ్లాసులతో మంచినీళ్లు పట్టుకొచ్చి వీళ్లందరికీ అందించడం. అక్కకి ఈ జబ్బు పుట్టినప్పటి నుంచీ ఉంది. ఇంటి మీదికి యుద్ధానికొచ్చిన వాళ్లకైనా సరే, ముందు కుర్చీ వేసి ఎండలో వచ్చారు కూర్చోండి అంటుంది. ఇంటి ముందు వాకిట్లో తీగ మీద తెల్ల బట్టలే ఆరేసుకోవాలని రూలు పెట్టినప్పుడు కూడా, పోనీలే, తెలుపు కంటికి హాయిగా ఉంటుందని సర్దుకుంది. రంగు బట్టలు ఇప్పటికీ మంచాల మీదా కుర్చీల మీదా ఆరుతాయి. వానాకాలంలో ఆ ఇంట్లో కూర్చోవాలంటే ఎవరో ఒకరి లాగూ తీసి పక్కన పెట్టాలి.

అంతలో గుంపు దానంతటదే రెండుగా చీలింది. ఫ్రేము సారు వచ్చాడు.

ఆయన లోయ పరిరక్షణ అధికారి. అసలు పేరు ఆయన భార్యకి గుర్తుంటే గొప్పే, లోయలో అందరికీ ఫ్రేము సారే. చేతిలో ఎప్పుడూ ఖాళీ చెక్క ఫ్రేము ఒకటి ఉంటుంది. ఒడ్డున ఉన్న రాయి మీద నిలబడి, దాన్ని ముఖానికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి, లోయని తనిఖీ చేస్తాడు. ఫ్రేములో కనిపించేది చిత్రంతో సరిపోవాలి. కొమ్మ పెరిగితే కొట్టిస్తాడు, గడ్డి ఎండితే తడిపిస్తాడు. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. మర్యాదస్తుడు, లంచం ముట్టడు, గొంతు పెంచడు, చిత్రమంటే నిజంగా ప్రాణం. అందుకే ఆయనతో వేగడం అంత కష్టం.

"అమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు.

"ఇక్కడిదాకా బాగానే జరిగింది సార్. ఇంట్లోకి వెళ్లే ప్రయాణమే సాగట్లేదు."

"అయ్యో," అని నొచ్చుకున్నాడు గాని, కన్ను అప్పటికే ఫ్రేములోంచి వాలుబల్ల మీద ఉంది. "ఇది చూసినప్పుడల్లా నాకు కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుందమ్మా. ఏమనుకోకండి."

"ఇది నా చెల్లెలన్న సంగతి తెలిసే మీరు పని ఇచ్చారు కదా సార్," అంది అక్క, ఆయనకీ ఒక గ్లాసు అందిస్తూ. "మీది పెద్ద మనసు."

"ఆవిడ చేతి నిజాయితీ గురించి విన్నాను. చుట్టరికం చూసి రంగు కలపదు."

చిట్టికి ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. రాత్రంతా బస్సులో ఆమె కోరుకున్నది ఒక్కటే. ఆ నలుపు కింద వాలు ఉండాలి, ఎలాగైనా ఉండాలి. చిత్రాల మురికి వదిలించేవాళ్లకి అలాంటి కోరిక మంచిది కాదు. చేతిని అది ఎటు లాగుతుందో చెప్పలేం.

బావ కుర్చీ ముందుకి తోసుకున్నాడు. "సార్, ఇంతమంది ఉన్నారు కాబట్టి ఒక మాట అనుకుందాం. ఇవాళ ఆ నలుపు కింద ఏది బయటపడితే దానికి ఒప్పుకుంటారా?"

"తప్పకుండా."

"వాలు ఉంటే నా బల్ల జోలికి రారు. మెట్లుంటే నేనే ఊడబెరికి మీ చేతిలో పెడతా. కాని తర్వాత కమిటీ అనీ, పైవాళ్లనీ నీళ్లు నమలకూడదు. చిత్రం ఏం చెబితే అదే. ఎవరి విషయంలోనైనా, దేని విషయంలోనైనా."

"బావా, ఊరుకుంటావా," అంది చిట్టి.

"నువ్వుండు మరదలా. చెప్పండి సార్."

ఫ్రేము సారు ఫ్రేముని గోడకి ఆనించి, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "చిత్రం ఏం చెబితే అదే. ఇటువైపైనా, అటువైపైనా. మినహాయింపుల్లేవు. నా మాట."

జనం చప్పట్లు కొట్టారు. టోపీ ఆవిడ దాన్ని కూడా ఫొటో తీసుకుంది. బావ గెలిచినవాడిలా మీసం సవరించుకున్నాడు. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాత చిత్రాలతో ఇన్నాళ్లు కాపురం చేసింది, వాటి సంగతి ఆమెకి తెలుసు. మనం అడిగినదానికే జవాబు చెప్పి ఊరుకునే రకం కావవి. ఆ ముక్క ఎవరితో చెప్పినా ఇప్పుడు అపశకునం అంటారు.

చిత్రం ఉన్నది పాత పిండిమర మేడ మీద. అక్కడిదాకా నది వెంట గులకరాళ్ల బాట. చిత్రంలో గులకరాళ్లే ఉన్నాయి కాబట్టి తారు వెయ్యరు. కుర్చీ చక్రం నాలుగడుగులకోసారి కూరుకుపోతోంది. అక్క వెనక నుంచి తోస్తోంది, చిట్టి ముందు నుంచి లాగుతోంది, బావ మధ్యలో కూర్చుని ఎటు తిప్పాలో ఇద్దరికీ సలహాలు ఇస్తున్నాడు.

"ఒక మాట అడగనా?" అంది అక్క, రొప్పుతూ.

"అడక్కు."

"అడక్కముందే అంటావేంటే?"

"నువ్వేం అడుగుతావో నాకు తెలుసు కాబట్టి."

అక్క ఆగలేదు. గొంతు తగ్గించింది, బావ వినకూడదన్నట్టు. ఆయన చెవులు అక్కకి జానెడు దూరంలో ఉన్నాయి. "నీ సంచిలో రంగులుంటాయిగా. చిన్న గీత. ఇలా ఏటవాలుగా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నువ్వు మనదానివేగా."

చిట్టి కుర్చీ వదిలేసి నిలబడిపోయింది. తిట్టడానికి నోరు తెరిచింది గాని, కుర్చీ పిడి మీద అక్క చేతులు కనిపించాయి. వాలుబల్ల రాకముందు నెలల తరబడి ఈ మనిషి ఆ మనిషిని ఎత్తి ఆ మెట్లు దించింది, ఎక్కించింది. ఒకసారి ఇద్దరూ కలిసి పడ్డారు. ఆ సంగతి చిట్టికి అక్క చెప్పలేదు, పడవల పాకలో పనివాళ్లు చెప్పారు. అక్క మీద జాలీ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చి, ఏది ముందు బయటికి పంపాలో తెలీక చిట్టి మళ్లీ కుర్చీ పట్టుకుంది.

"దాన్ని వదిలెయ్," అన్నాడు బావ, తల తిప్పకుండా. "దాని పని దాన్ని చేసుకోనీ. మరదలు దొంగగా గీసిన బల్ల మీద నేను దొర్లను."

"మీకేం, మహారాజులా కూర్చుని చెబుతారు," అంది అక్క.

"కూర్చోక ఏం చేస్తానే."

మర వచ్చేదాకా అక్క తోస్తూనే ఉంది, చిట్టి లాగుతూనే ఉంది.

మర లోపల మెట్లు నిటారుగా ఉన్నాయి. అక్కడా వాలుబల్ల లేదు, ఉండే ఆశా లేదు. బావ కిటికీ కింద ఆవరణలో ఉండిపోయాడు. తన ఇల్లున్న చిత్రాన్ని ఆయన పడిపోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. అక్క ఆయనకి నీడ చూసి కుర్చీ పెడతానని ఆగింది. చిట్టి, ఫ్రేము సారు పైకి ఎక్కారు.

చిత్రం గోడ నిండా ఉంది. నది, అవతలి ఒడ్డున చెట్లు, ఆవులు, పడవల పాక, కుడివైపు కింది మూలకి ఎర్రటి గోడలతో ఇల్లు. గుమ్మం ముందు నలుపు. చిట్టి భూతద్దాల కళ్లజోడు తలకి బిగించుకుంది, పుల్లకి దూది చుట్టింది, నాలుక మీద తడిపి పని మొదలుపెట్టింది.

"మేడమ్," అన్నాడు ఫ్రేము సారు. "అది ఉమ్మా?"

"ఉమ్మే సార్. పైపై దుమ్ముకి దీన్ని మించిన మందు లేదు."

"మహానుభావుడి చిత్రం మీద..."

"పళ్లు తోముకునే వచ్చాను."

ఆయన కిటికీ దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. దుమ్ము పోయాక చిట్టి సీసా మూత తీసింది. వార్నిషు కరిగించే మందు వాసన గది నిండా కమ్ముకుంది. దూది మసితో నల్లబడింది, మరోటి చుట్టింది. దాని మీదికి పాతబడి పసుపెక్కిన వార్నిషు దిగింది. సవ్యంగానే నడుస్తోంది.

"మెట్లా, వాలా?" అన్నాడు ఆయన, భుజం మీంచి వంగి.

"ఇంకా పసుపే సార్. మీ నీడ నా చేతి మీద పడుతోంది."

జరిగాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. "ఇప్పుడు?"

"సార్, మీరు అడిగినప్పుడల్లా నా చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగినప్పుడల్లా ఆలస్యం అవుతుంది."

ఆయన క్షమాపణ చెప్పుకుని స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకున్నాడు. పరీక్ష ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడి ముఖం పెట్టాడు. చిట్టికి విసుగులోనూ నవ్వొచ్చింది. కొత్త దూది చుట్టి, నలుపు అంచు దాటి గుమ్మం పక్క గోడ మీదికి వచ్చింది.

దూది ఎర్రబడింది.

చిట్టి చెయ్యి తీసేసింది. వార్నిషు రావాలి గాని రంగు రాకూడదు. అసలు చిత్రకారుడు వేసిన రంగు ఇన్ని తరాల్లో రాయిలా గట్టిపడి ఉంటుంది, ఈ మాత్రం పల్చటి మందుకి కదలదు. కదిలిందంటే ఆ రంగు ఆయనది కాదు, ఎవరో తర్వాత వేశారు. ఎక్కడో చిన్న మరమ్మతు చేసి ఉంటారని సర్దిచెప్పుకుని, చెట్టు మీద ఒక చుక్క పెట్టి చూసింది. దూది మీద పసుపే, ఆకుపచ్చ లేదు. పాక మీద పెట్టింది. ఏమీ రాలేదు. మళ్లీ ఇంటికి వచ్చింది. గుమ్మం మీద పెడితే గోధుమరంగు ఊడింది. కిటికీ మీద పెడితే కిటికీ ఊడింది. పైకప్పు అంచు, పొగగొట్టం, ప్రతిచోటా దూదికి రంగు అంటింది.

చిట్టి ఇంకా దగ్గరికి వంగింది. పాత చిత్రం నిండా సన్నటి బీటలున్నాయి, ఎండిన చెరువు మట్టిలో ఉండేలాంటివి. ఇంటి ఎరుపు ఆ బీటల్లోకి దిగి ఉంది. అంటే చిత్రం ముసలిదై పగిలిన తర్వాతే ఇల్లు దాని మీదికి ఎక్కింది. ఇల్లు కట్టించుకున్న పెద్దమనిషి ఎవడో, ఇంత గొప్ప చిత్రంలో తన ఇల్లు లేదని ఉక్రోషపడి, చేయి తిరిగినవాణ్ణి పిలిచి పెట్టించుకున్నాడు కాబోలు. గుమ్మం ముందు నలుపు కూడా ఆ అతుకు కనపడకుండా పూసిందే అయ్యుంటుంది. ఆ ఒక్కడి డంబం ఇన్నేళ్లూ ఇంటిని నిలబెట్టింది. ఇంకొంచెం తుడిచి చూసింది, ఎరుపు పోయినచోట నీళ్లున్నాయి. నీళ్ల అంచున రెల్లు. అక్క వంటిల్లు ఉండాల్సిన చోట ఒక కొంగ తలొంచుకుని చేపల కోసం చూస్తోంది. ఎంత బాగా వేశాడో మహానుభావుడు, అనుకుంది చిట్టి, అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అందరి మీదా కోపమొచ్చింది. ఆ ఉక్రోషం మనిషి మీద, జనం ముందు మాట తీసుకున్న బావ మీద, మాట తప్పడం చేతకాని ఫ్రేము సారు మీద. ఒక్క గీత గీసి పడెయ్యమన్న అక్క మీద కూడా, ఇప్పుడు ఇల్లంతా మళ్లీ గీయాల్సొచ్చినందుకు. గీయగలదు. అదే భయం. చేతిలో పనితనం ఉంది, సంచిలో ఆ ఎరుపు ఉంది. మందు తడి ఆరేదాకా ఎదుటివాళ్లకి అక్కడ తడి మెరుపు తప్ప ఏమీ కనిపించదు. ఆరితే కొంగని కళ్లున్న ప్రతివాడూ చూస్తాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క ఫ్లాస్కుతో వచ్చింది.

"తేలిందా?" అంది ఆయాసపడుతూ.

"మేడమ్ ఇంకా ఏమీ చెప్పట్లేదు," అన్నాడు ఫ్రేము సారు, స్టూలు మీంచి లేచి.

"ఏమే? మీ బావ కింద ఎండలోకి జరిగిపోయారు, నీడలో ఉండమంటే కిటికీ కనపడట్లేదంట. మెట్లున్నాయా లేవా, ఒక్క ముక్క చెప్పవే."

అక్క ముఖం చూడలేక చిట్టి చిత్రం వైపు తిరిగింది. అబద్ధం ఆడకూడదు, అది ఒక్కటే గుర్తుంది.

"మెట్లు లేవు," అంది.

అక్క ఫ్లాస్కు నేల మీద పెట్టి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. నడుం దాకా బయటికి వంగింది. "ఏవండీ, మెట్లు లేవంట. వింటున్నారా, మెట్లు లేవంట." కింద ఎవరో చప్పట్లు కొట్టారు. గుంపు అక్కడికీ చేరినట్టుంది. బావ గొంతు వినిపించలేదు. "అలా ముఖం కప్పుకుంటారేంటండీ, నవ్వండి," అంటోంది అక్క, తను ఏడుస్తూ.

ఫ్రేము సారు కాసేపు నేల చూశాడు. తర్వాత భుజాలు నిటారు చేసుకున్నాడు.

"సంతోషం మేడమ్. నిజంగానే. ఆయన్ని చూస్తే నాకూ కష్టంగానే ఉండేది. కాని నేనేం చెయ్యను, చిత్రం ముఖ్యం కదా. ఇప్పుడు చిత్రమే చెప్పింది. బల్ల ఉంటుంది." జేబులోంచి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క సందేహం. గుమ్మం ముందు ఆ వాలు ఏ రంగులో వేశారో చెప్తారా? బల్లకి అదే రంగు వేయించాలి. లేకపోతే ఫ్రేములో తేడాగా ఉంటుంది."

చిట్టి పుల్ల కింద పెట్టింది. గుడ్డ మీద తడి అంచుల నుంచి ఆరుతోంది.

"వాలు కూడా లేదు సార్," అంది. "గుమ్మం లేదు. అసలు ఇల్లే లేదు."

కింద ఇంకా చప్పట్లు కొడుతున్నారు. కిటికీలోంచి అక్క వెనక్కి తిరిగింది.